తుఫాను మీద బాంబు వేస్తే చెదిరిపోతుందా?

చెన్నై తెలుగువాళ్ళ చర్చలు › కబుర్లు, కాలక్షేపం

వేళచ్చేరి వాసు
ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నించీ ఒకటే రగడ. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో చెప్పగానే బేస్‌మెంట్‌లో కార్లున్నవాళ్ళకి టెన్షన్ మొదలైంది, తీసుకెళ్ళి ఫ్లైఓవర్ మీద పెట్టాలా వద్దా అని. ఆ మాటల్లో మూడో అంతస్తు పెద్దాయన ఒకరు, రిటైర్డ్ ఇంజనీరే, "దేశాలన్నీ ఇన్ని అణుబాంబులు పోగేసుకుని కూర్చున్నాయి, సముద్రం మీద ఉండగానే ఒక్కటి తుఫాను కంట్లో పడేస్తే చెదిరిపోదా?" అన్నారు. సగం మంది నవ్వారు, సగం మంది "అవును కదా" అన్నారు. నేను నవ్విన బ్యాచే. ఎందుకు కుదరదో చెప్పు అంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు. సైన్సు తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్తారా? తుఫాను బలం ఎంత, బాంబు బలం ఎంత?

ఓఎమ్మార్ కుర్రాడు
9:20

వేస్తే ఆ అణుధూళి అంతా వానలో కలిసి మన నెత్తినే పడుతుంది అన్నా. మీ బేస్‌మెంట్‌కి నీళ్ళతో పాటు రేడియేషన్ ఫ్రీ.

లెక్కల మాస్టారు
9:58

వాసు గారూ, ఆ పెద్దాయన్ని చూసి నవ్వక్కర్లేదు. ఈ ప్రశ్న అమెరికాలో ఎంతమంది అడిగారంటే, అక్కడి వాతావరణ సంస్థ నోవా దీనికి ప్రత్యేకంగా జవాబు రాసి పెట్టుకుంది. నా పద్ధతిలో నేను చెప్తాను, కాగితం, పెన్ను తీసుకోండి.

ఒక చదరపు కిలోమీటరు నేల మీద ఒక్క అంగుళం వాన పడిందనుకుందాం. మన ఊళ్ళో ఐప్పసి నెలలో (అక్టోబరు, నవంబరుల్లో వచ్చే తమిళ నెల) అంగుళం వానని ఎవరూ వాన కింద లెక్కకూడా వెయ్యరు. ఆ నీళ్ళు 2 కోట్ల 54 లక్షల లీటర్లు. 12 వేల లీటర్లు పట్టే వాటర్ లారీలైతే రెండు వేల పైచిలుకు కావాలి. ఆ నీరంతా పైన ఆవిరి రూపంలో ఉండి, చల్లబడి చినుకులయ్యేటప్పుడు కిలోకి 25 లక్షల జౌళ్ళ చొప్పున వేడి వదులుతుంది. గుప్తోష్ణం అని ఎనిమిదో తొమ్మిదో తరగతిలో చదివి మర్చిపోయి ఉంటారు, అదే ఇది. గుణిస్తే సుమారు 63 లక్షల కోట్ల జౌళ్ళు.

ఇప్పుడు 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద వేసిన బాంబు సంగతి. దాని బలం 15 వేల టన్నుల టీఎన్‌టీ అనే పేలుడు మందుతో సమానం. జౌళ్ళలోకి మారిస్తే అది కూడా 63 లక్షల కోట్ల దగ్గరే తేలుతుంది. అంటే చదరపు కిలోమీటరుకి అంగుళం వాన ఒక హిరోషిమా. ఈ రెండు అంకెలు ఇంత దగ్గరగా రావడం కాకతాళీయమే అనుకోండి, గుర్తు పెట్టుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

ఇంకాస్త ముందుకెళ్దాం. గ్రేటర్ చెన్నై కార్పొరేషన్ 426 చదరపు కిలోమీటర్లు. దాని మీద 8 అంగుళాలు, అంటే 20 సెంటీమీటర్లు పడితే ఆ వేడి 50 మెగాటన్నులు, అంటే 5 కోట్ల టన్నుల టీఎన్‌టీ, దాటుతుంది. మనిషి ఇప్పటిదాకా పేల్చినవాటిలో అన్నిటికన్నా పెద్దది, 1961 అక్టోబరు 30న సోవియట్ యూనియన్ నొవాయా జెమ్ల్యా దీవుల మీద పేల్చిన జార్ బాంబు. దాని బలమూ 50 మెగాటన్నులే. 2015 డిసెంబరు 2 పొద్దున చూసిన ఒక్కరోజు లెక్కలో నుంగంబాక్కంలో 29 సెంటీమీటర్లు, తాంబరంలో 49.

ఇదంతా ఒక్క ఊరి మీద పడిన వానే. తుఫాను వందల కిలోమీటర్ల వెడల్పున, రోజుల తరబడి, నడుస్తూ కురుస్తుంది.

ఇక బాంబు వేస్తే ఏమవుతుంది అన్నది. తుఫాను కంట్లో పీడనం తక్కువ. అంటే అక్కడ సముద్రం నెత్తిన ఉండాల్సిన గాలి బరువులో కొంత లేదు. మామూలుగా ప్రతి చదరపు మీటరు మీద పది టన్నుల గాలి ఉంటుంది. గట్టి తుఫానులో ఆ పదిలోంచి అర టన్నో, ఇంకాస్త ఎక్కువో పోయి ఉంటుంది. చుట్టుపక్కల గాలి ఆ లోటు పూడ్చడానికి దూసుకొస్తూ తిరుగుతుంది, అదే తుఫాను. దాన్ని నీరసపరచాలంటే ఆ లోటు పూడాలి. 20 కిలోమీటర్ల వ్యాసార్థమున్న కన్నుకి అర టన్ను చొప్పున పోసినా 50 కోట్ల టన్నులకు పైగా గాలి కావాలి. బాంబు పేలుడు తరంగం ధ్వనికన్నా వేగంగా దాటిపోతుంది, అది వెళ్ళాక గాలి మళ్ళీ యథాస్థానమే. బాంబు గాలిని తేదు, వేడిని తెస్తుంది. తుఫాను తినేదే వేడి.

ఓఎమ్మార్ కుర్రాడు
10:07

మాస్టారూ, అంగుళానికి ఒక హిరోషిమా అయితే నేను నిన్న షోళింగనల్లూరు సిగ్నల్ నించి గొడుగు లేకుండా నడిచొచ్చాను. జలుబు తప్ప ఇంకేం చెయ్యలేదే!

లెక్కల మాస్టారు
10:31

మంచి ప్రశ్న. అసలు ప్రశ్న ఇదే.

హిరోషిమా బాంబు ఆ శక్తినంతా సెకనులో పదిలక్షలో వంతు కూడా పట్టకుండా, ఒక గదిలో పట్టేంత చోట, ఊరికి 600 మీటర్ల ఎత్తున వదిలింది. వాన వేడి గంటల తరబడి, మన తలమీద నాలుగైదు కిలోమీటర్ల పైన వదులుతుంది. అందులో అత్యధిక భాగం గాలిని ఇంకా పైకి నెట్టడానికే ఖర్చయిపోతుంది, అక్కణ్ణించి ఆకాశంలోకి పోతుంది. మన దాకా వచ్చేది కొసరు. ఆ కొసరే 120 కిలోమీటర్ల గాలైనా, వీధిలో నడుములోతు నీళ్ళైనా.

తిరగేసి చెప్తాను. మెరుపుని చూసి మనం హడలిపోతాం. ఒక మామూలు మెరుపులో ఉండే శక్తి సుమారు వంద కోట్ల జౌళ్ళు, అంటే 280 యూనిట్ల కరెంటు. మా ఇంటికి రెండు నెలలకోసారి వచ్చే ఈబీ బిల్లులో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. భయపెట్టేది మొత్తం కాదు, ఎంత తక్కువ చోట, ఎంత తక్కువ సేపట్లో అన్నది.

ట్రిప్లికేన్ శారద
10:52

మాస్టారి లెక్క తప్పని నేననను. కానీ వానని హిరోషిమా అనడం నాకు మింగుడు పడటం లేదు. ఆ ఒక్క బాంబుతో ఆ ఏడాది ఆఖరికి సుమారు లక్షా నలభై వేల మంది పోయారని లెక్క. పొద్దున బడికెళ్ళిన పిల్లలు. ఎక్కడ వేస్తే దెబ్బ గట్టిగా తగులుతుందో బల్ల చుట్టూ కూర్చుని ముందే చర్చించుకుని వేశారు. వాన అలా చర్చించుకోదు. జౌళ్ళతో కొలిస్తే ఈ తేడా ఎక్కడా కనపడదు కదండీ. "ప్రకృతి ముందు మనిషెంత" అనే మాట అందరం చాలా వినయంగా అంటాం, ఆ వినయం చాటున మనిషి చేసింది చిన్నదైపోతుంది. నాకు అభ్యంతరం అక్కడ.

రాయపురం రాజు
11:15

శారదక్కా, మా పేటలో రెండిటినీ పక్కపక్కన చూడొచ్చు. హార్బరు గోడ దగ్గర.

మద్రాసు హార్బరు పని 1870ల్లో మొదలెట్టారు. సముద్రంలోకి రెండు చేతుల్లా రాతి గోడలు కట్టుకుంటూ పోయారు. పని అయిపోవచ్చిందనుకునేసరికి 1881 నవంబరులో తుఫాను వచ్చి, కట్టిన గోడల్లో పెద్ద భాగం ఊడ్చేసింది. మళ్ళీ మొదటికి. ఆ తర్వాత 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ వచ్చి ఊరి మీద గుండ్లు పేల్చింది, నూటపాతిక దాకా. ఒడ్డునున్న నూనె ట్యాంకులు అంటుకున్నాయి, చనిపోయినవాళ్ళు ఐదుగురో ఏమో. హైకోర్టు గోడకి ఇప్పటికీ దాని గుర్తుగా ఫలకం ఉంది. నష్టం చూస్తే 1881 తుఫానుకి ఎమ్డెన్ కాలిగోటికి సరిపోదు. కానీ ఊరు ఖాళీ అయింది ఎమ్డెన్‌కే! జనం మూటలు కట్టుకుని రైళ్ళకి ఎగబడ్డారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డప్పుడూ అంతే, ఇక్కడున్న మనవాళ్ళు సగంమంది ఊళ్ళకి పోయారని మా తాత చెప్పేవాడు. మద్రాసులో జూలోని పులుల్ని కూడా కాల్చేశారు, బాంబులు పడి బోన్లు విరిగితే బయటకొస్తాయని. తుఫానుకి ఎవరూ అలా పారిపోరు. అది మనమీద పగబట్టి రాలేదని తెలుసు కాబట్టే కావచ్చు. ఆ మాటలో మీతో ఏకీభవిస్తాను.

కానీ అసలు దెబ్బ వేరే. మన తీరంలో ఇసుక దక్షిణం నించి ఉత్తరానికి నడుస్తూ ఉంటుంది, ఏడాదిలో ఎక్కువ నెలలు. హార్బరు గోడ దానికి అడ్డం పడింది. గోడకి దక్షిణాన ఇసుక పేరుకుపోయి మెరీనా అంత వెడల్పయింది. ఉత్తరాన ఇసుక రావడం ఆగిపోయింది, అలలు తీసుకుపోవడం ఆగలేదు. రాయపురం, కాశిమేడు, తిరువొత్తియూరు, అన్నీ కోసుకుపోయాయి. మా నాయనమ్మ కాపురం చేసిన వీధి ఇప్పుడు లేదు. ఆ చోట కొండరాళ్ళు పోసి ఉన్నాయి. ఆటుపోటు తగ్గినప్పుడు రాళ్ళ సందుల్లోకి వంగి చూస్తే నైలాన్ తాడు ముక్కలు, పీతలు, అక్కడక్కడా నీలం రంగు వెల్లవేసిన గోడ పెచ్చు కనిపిస్తుంది. ఎవరింటిదో. ఒక్క గుండు పేలలేదు, ఒక్క తుఫాను పేరూ చెప్పలేం. దీన్ని ఏ ఖాతాలో వేస్తారు, ప్రకృతిదా, మనిషిదా?

ఓఎమ్మార్ కుర్రాడు
11:19

మెరీనా హార్బరు వల్ల వెడల్పయిందా?! ఇన్నేళ్ళు అక్కడ సుండల్ (గుగ్గిళ్ళు) తింటూ ఇది తెలీదు.

పెరంబూరు తాతయ్య
సోమవారం, ఉదయం 6:40

నిద్ర లేచి చూస్తే మంచి చర్చ నడుస్తోంది. రాజు అడిగిన ప్రశ్నకి ఇంకొకటి జోడిస్తాను, మన తీరం వెంబడి సాగే బకింగ్‌హామ్ కాలువ.

1876 నుంచి 78 దాకా ధాత కరువు. మా సీమలో ముసలివాళ్ళు నిన్న మొన్న జరిగినట్టు చెప్పేవాళ్ళు. వానలు ఎగ్గొట్టడం ప్రకృతి పని, పసిఫిక్‌లో ఎల్‌నినో వల్ల అని ఇప్పుడంటున్నారు. ఆ కరువులో 50 లక్షల మంది పైనే పోయారు. ఏ బాంబు చంపింది అంతమందిని? కానీ అదే సమయంలో ఇక్కణ్ణించి ధాన్యం ఓడలకెక్కుతూనే ఉంది. కరువు పనులకొచ్చినవాళ్ళకి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా, అంతే. పౌను అంటే అర కిలో కూడా కాదు. ఆ లెక్క కట్టిన రిచర్డ్ టెంపుల్ పేరు మీదే దాన్ని టెంపుల్ కూలీ అంటారు. ఆ కూలీకి తవ్వినవాళ్ళే ఊళ్ళో కూవం నదికీ అడయారు నదికీ మధ్య కాలువ కలిపారు. గవర్నరు పేరు పెట్టుకున్నారు. తవ్వినవాళ్ళ పేర్లు ఎవడికి కావాలి.

తర్వాత చాలా ఏళ్ళు ఆ కాలువ మీదే మన కోస్తా నించి బియ్యం, సరుగుడు కట్టెలు పడవల్లో మద్రాసుకి వచ్చేవి. 2004 సునామీ వచ్చినప్పుడు తీరం వెంబడి చాలా చోట్ల అలని ఆ కాలువ మింగింది, నీళ్ళు అందులో నిండి వెనక్కి పోయాయి, అవతలి ఒడ్డు ఊళ్ళు కొన్ని బతికాయి. ఇప్పుడు ఊళ్ళో ఆ కాలువ మధ్యలో ఎంఆర్‌టీఎస్ రైలు స్తంభాలు దిగేసి ఉన్నాయి. తిరుమయిలై స్టేషను కిందకి వెళ్ళి చూడండి, నీళ్ళు పోవాల్సిన చోట సిమెంటు ఎంతుందో. నేను రైల్వేలో పనిచేసి పింఛను తింటున్నవాణ్ణే, అయినా చెప్తున్నాను.

కరువు ప్రకృతిది, ఆకలి మనిషిది. కాలువ మనిషిది, సునామీ ప్రకృతిది. ఎవరు గొప్ప అని పందెం వేసుకుంటే ఈ దస్త్రం తేలదు నాయనా.

అవనిగడ్డ అమ్మాయి
8:05

తాతయ్య గారికి నమస్కారం. మాది నాగాయలంక దగ్గర, పెళ్ళయ్యాక మడిపాక్కం వచ్చాను.

1977 నవంబరు 19, కార్తీకమాసం, శనివారం. మా అమ్మ అప్పటికి చిన్నపిల్ల. ఉప్పెన ఐదారు మీటర్లు లేచిందని పుస్తకాల్లో ఉంటుంది. మా అమ్మమ్మ భాషలో అయితే "తాటిచెట్టు నడుముదాకా". అమ్మని చీర కొంగుతో తన ఒంటికి కట్టుకుని తాటిచెట్టుని కావలించుకుంది. తాటి మట్ట అంచు రంపంలా ఉంటుంది, తెలిసినవాళ్ళకి తెలుసు. ఆ రంపం కోసిన గీతలు అమ్మమ్మ మోచేతుల నించి మణికట్టు దాకా చివరిదాకా ఉండేవి. చిన్నప్పుడు వేలితో రాసి చూసేదాన్ని, అక్కడ చర్మం నున్నగా, మెరుస్తూ ఉండేది. పది వేల మంది పైచిలుకు పోయారని ప్రభుత్వ లెక్క. మా వైపు ఎవరూ ఆ లెక్క నమ్మరు.

నేను చెప్పదలుచుకున్నది ఇది. అప్పుడు మా ఊళ్ళలో డాబా ఇల్లంటే ఒకటో రెండో. డాబా ఎక్కినవాళ్ళు బతికారు. గాలి అందరికీ ఒక్కటే, డాబా మాత్రం కొందరిదే. శారద గారు వాన ఎవరినీ గురిపెట్టదు అన్నారు, నిజమే. కానీ ఎవరు పూరింట్లో ఉండాలో, ఎవరి పొలం గట్టు దాటితే సముద్రమో, అది మనుషులు ముందే తేల్చి పెట్టారు. ఉప్పెన వచ్చి ఆ జాబితా చదివింది.

దీనికి ఇంకో వైపు కూడా చూడండి. ఒడిశాలో 1999 తుఫానుకి పదివేల మంది దాకా పోయారు. అదే ఒడిశాలో 2013లో ఫైలిన్, 2019 మే 3న ఫొని వచ్చాయి. రెండూ మామూలువి కావు. ఫొనికి ముందు పది లక్షల మందికి పైగా జనాన్ని షెల్టర్లకి తరలించారు, పోయినవాళ్ళు వంద లోపే. తేడా తుఫాను బలంలో కన్నా మన ఏర్పాట్లలోనే ఎక్కువ. బస్సులు, షెల్టర్లు, ఫోన్లో వచ్చే మెసేజి, ఇవి పెరిగాయి.

ట్రిప్లికేన్ శారద
8:21

"ఉప్పెన వచ్చి ఆ జాబితా చదివింది." ఇది చదివాక కాసేపు ఏం రాయబుద్ధి కాలేదమ్మా.

వేళచ్చేరి వాసు
9:30

నేను సరదాగా అడిగింది ఎక్కడికో వెళ్ళింది. సంతోషం. 2015 గురించి నా వంతు కూడా చెప్తాను.

డిసెంబరు 1 రాత్రి మా వీధిలోకి నీళ్ళు వచ్చింది వాన పడుతున్నప్పుడు కాదు, కాస్త తెరిపిచ్చాక. మేమప్పుడు గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకుండేవాళ్ళం. మొదట బాత్రూం జాలీలోంచి బుడగలు వచ్చాయి. తర్వాత సంపు మూత దానంతటదే లేచి పక్కకి జరిగింది. వీధిలో నీళ్ళు గుమ్మం దాకా రాకముందే ఇంట్లోపల పాదాలు తడిశాయి. ఫ్రిజ్ ఇంత బరువు కదా, అది తేలుతుందని ఎవరైనా అనుకుంటారా? వెల్లకిలా పడి తేలుతూ వంటింటి గుమ్మానికి అడ్డం పడింది, తలుపు తెరుచుకోలేదు.

తర్వాత తెలిసింది, మా బిల్డింగు కట్టిన చోటు పాత మ్యాపుల్లో చెరువు శిఖం అని. బిల్డరు ఆ ముక్క చెప్పలేదు, చెప్తాడా. పల్లికరణై చిత్తడినేల ఒకప్పుడు ఐదువేల హెక్టార్లు ఉండేదట, ఇప్పుడు అందులో పదో వంతు మిగిలిందంటున్నారు. మిగతా తొమ్మిది వంతుల మీద మనమే ఉన్నాం. ఆ రాత్రి చెంబరంబాక్కం చెరువు నించి అడయారులోకి వదిలింది 29 వేల క్యూసెక్కులు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2018లో అసెంబ్లీ ముందు పెట్టిన నివేదికలో దీన్ని మనిషి చేసిన విపత్తు అనే రాసింది. నేను కాదు, కాగ్.

తాంబరం సుబ్బు
10:10

వాసు గారూ, ఇక్కడ నాకు పేచీ ఉంది. ప్రతివాడూ చెంబరంబాక్కం అంటాడు. అడయారులోకి నీళ్ళు వచ్చేది ఆ ఒక్క చెరువు నించేనా? ముడిచ్చూరు, మణ్ణివాక్కం, ఆదనూరు, ఇటువైపున్న చెరువులన్నీ నిండి, తెగి, అడయారులోనే కదా పడ్డాయి. మా ముడిచ్చూరు మునిగినప్పుడు చెంబరంబాక్కం నీళ్ళు ఆ దరిదాపుల్లో కూడా లేవు. 49 సెంటీమీటర్లు ఒక్కరోజులో పడితే ఏ గేటు ఎప్పుడు ఎత్తినా ఊరు మునిగేదే. అన్నీ మనిషి మీదకి తోసేస్తే వాన గొప్పతనాన్ని తక్కువ చేసినట్టే అవుతుంది.

వేళచ్చేరి వాసు
10:18

మునిగేదే, కాదనను. మెడలోతు మునిగేదా, మోకాలి లోతా అన్నదే తేడా. ఆ తేడాలోనే ప్రాణాలు పోయాయి.

తాంబరం సుబ్బు
10:25

గేట్లు ముందు రోజుల్లో కొంచెం కొంచెంగా ఎత్తి ఉండాల్సింది, అంతవరకు ఒప్పుకుంటాను. కానీ అప్పుడు వాన రాకపోయి ఉంటే ఎండాకాలంలో "నీళ్ళు సముద్రం పాలు చేశారు" అని మనమే తిట్టేవాళ్ళం. 2019లో చెరువులెండిపోయి రైళ్ళలో నీళ్ళు తెప్పించుకోలేదా?

నిర్వాహకుడు
10:40

చెంబరంబాక్కం గేట్ల మీద వాదన ఇంతకుముందు రెండుసార్లు పార్టీల గొడవలోకి దిగింది. దానికి వేరే చర్చ ఉంది, అక్కడ కొనసాగించండి. ఇక్కడ అసలు విషయం మీద ఉందాం.

ఓఎమ్మార్ కుర్రాడు
మధ్యాహ్నం 1:05

మాస్టారూ, సునామీ లెక్క కూడా చెప్పండి. 2004లో నేను ఎల్‌కేజీ. జార్ బాంబు కన్నా పెద్దదా?

లెక్కల మాస్టారు
2:20

పెద్దదా అని కూడా అడక్కర్లేదు. 2004 డిసెంబరు 26, మన టైము ప్రకారం ఉదయం 6:28. సుమత్రా పక్కన సముద్రం అడుగున 1,200 కిలోమీటర్ల పైన పొడవునా నేల చీలింది. అంటే ఇక్కణ్ణించి నాగపూర్ కూడా దాటి పోవచ్చు. తీవ్రత 9.1. జార్ బాంబు పేలినప్పుడు భూకంపమాపకాల మీద నమోదైంది 5 చిల్లర. ఆ కొలతలో ఒక్కో అంకె పెరిగితే శక్తి 32 రెట్లు. 5కీ 9కీ మధ్య నాలుగు మెట్లు, 32ని నాలుగుసార్లు గుణించండి, పది లక్షల రెట్లు దాటుతుంది. బాంబుని నేలకి నాలుగు కిలోమీటర్ల ఎత్తులో పేల్చారు కాబట్టి నేలకి అందింది తక్కువ, ఆ మినహాయింపు ఇవ్వాలి. ఇచ్చినా దీని ముందు నిలవదు.

నేల అడుగు కొన్ని మీటర్లు పైకి లేచేసరికి దాని మీదున్న సముద్రం మొత్తం లేచింది. ఆ అల రెండున్నర గంటల్లో మెరీనాకి వచ్చింది. 14 దేశాల్లో రెండు లక్షల పాతికవేలకు పైగా మనుషులు పోయారు. ఆ రెండున్నర గంటల్లో మనకి చెప్పేవాళ్ళు లేరు. ఇప్పుడు హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఉంది, 2007 నించి సునామీ హెచ్చరికలు అక్కణ్ణించే. సముద్రం లేని ఊళ్ళో పెట్టారని కొందరు నవ్వుతారు కానీ, హెచ్చరికల కేంద్రం ఒడ్డున ఉండక్కర్లేదు, ఉండకపోతేనే మంచిది.

అదే రోజు కల్పాక్కంలో అణువిద్యుత్ కేంద్రం పంపుహౌసులోకి నీళ్ళు వచ్చాయి. రియాక్టరుని క్షేమంగా ఆపేశారు, దానికి ఏం కాలేదు. 2011 మార్చి 11న జపాన్‌లో ఏం జరిగిందో తెలుసు. ఫుకుషిమా కేంద్రం కట్టేటప్పుడు 35 మీటర్ల ఎత్తున్న గట్టుని 10 మీటర్లకి చెక్కేశారు. అల 14 మీటర్ల దాకా వచ్చింది. అదే తీరంలో ఒనగావా కేంద్రం భూకంప కేంద్రానికి ఇంకా దగ్గర. కానీ దాన్ని ముందే ఎత్తున కట్టారు, పెద్దగా దెబ్బతినలేదు. ఒకే సముద్రం, ఒకే అల, రెండు నిర్ణయాలు.

శారద గారికి ఒక మాట. మనిషి ప్రకృతిని దాటిన చోటు కూడా ఒకటుంది, కాకపోతే అక్కడ చప్పుడు ఉండదు. లోకంలోని అగ్నిపర్వతాలన్నీ కలిపి ఏడాదికి వదిలే బొగ్గుపులుసు వాయువు, మనం వదిలే దాంట్లో నూటికి ఒక వంతు కూడా లేదు. 1883లో క్రకటోవా పేలితే ఆ చప్పుడు 4,800 కిలోమీటర్ల దూరంలో రోడ్రిగ్స్ దీవిలో వినపడింది. ఈ పందెంలో మాత్రం మన బళ్ళు, మన కరెంటు, మన సిమెంటు దానికన్నా ఎక్కడో ముందున్నాయి. దానివల్ల పెరిగే వేడిలో నూటికి తొంభై వంతులు సముద్రమే తాగుతోంది. తుఫాను పుట్టడానికి సముద్రం పైపొర 26 డిగ్రీలు దాటి ఉండాలి. బంగాళాఖాతానికి ఆ కొరత ఎప్పుడూ పెద్దగా లేదు, ఇప్పుడు అసలే లేదు.

ఓఎమ్మార్ కుర్రాడు
2:26

అంటే ఆపడానికి బాంబు వెయ్యలేం కానీ, మేత మాత్రం రోజూ వేస్తున్నామన్నమాట.

ట్రిప్లికేన్ శారద
3:40

మాస్టారి ఆఖరి పేరా నాకు కావలసిందే, థాంక్స్ అండి. నా మాట మీద నేనుంటాను: కావాలని చేసింది, చేస్తున్నట్టు తెలియక చేసింది, తెలిసీ ఆపనిది, ఈ మూడూ ఒకటి కాదు. తుఫాను ఈ మూడిట్లో ఏదీ కాదు. రాజు గారి రాయపురం రెండోది. ఇప్పటి పొగ మూడోది.

అవనిగడ్డ అమ్మాయీ, ఒకటి అడగనా? అంత జరిగాక మీ అమ్మమ్మగారు వాళ్ళు మళ్ళీ ఆ ఊరికే వెళ్ళారా?

అవనిగడ్డ అమ్మాయి
4:15

వెళ్ళకేం అక్కా, పొలం అక్కడే ఉంది కదా. ఉప్పునీళ్ళు నిలిచిన చేలు రెండు మూడేళ్ళు సరిగ్గా పండలేదు, తర్వాత మామూలే. ఊరిబయట తుఫాను షెల్టరు కట్టారు, ఎత్తు స్తంభాల మీద. మామూలు రోజుల్లో అందులో బడి నడుస్తుంది, కింద నీడలో గేదెల్ని కడతారు. మా మేనమామ వాళ్ళు ఇప్పటికీ తుఫాను కబురు రాగానే బియ్యం, పొలం కాగితాలు, కిరసనాయిలు బుడ్డి మూట కట్టుకుని ముందే పోయి చోటు పట్టుకుంటారు. షెల్టరు తాళం ఎవరి దగ్గర ఉండాలన్న దాని మీద మాత్రం ప్రతి తుఫానుకీ ఊళ్ళో పంచాయతీయే. పోయినసారి హెడ్మాస్టరు తాళం జేబులో వేసుకుని మచిలీపట్నం వెళ్ళిపోతే, మా మావయ్యే గొళ్ళెం పగలగొట్టాడు. ఆ గొళ్ళెం డబ్బులు ఎవరివ్వాలని ఇంకా తేలలేదు.